నేపథ్యం నుంచి వినిపించే శబ్దం: ‘ది బర్డ్స్’ చిత్రం – కర్తృత్వ ప్రశ్న

ప్రస్తావన

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ దర్శకత్వంలో 1963 మార్చిలో విడుదలైన ‘ది బర్డ్స్’ చిత్రాన్ని సాధారణంగా ‘సంగీతం లేని సినిమా’ అని పరిచయం చేస్తుంటారు. ఈ మాటలో కొంత నిజం ఉంది. చిత్రం మొదటి నుంచి చివరి వరకు ఎక్కడా ఆర్కెస్ట్రా వినిపించదు. కథానాయిక ఒకచోట పియానోపై దెబుస్సీ రచనను వాయిస్తుంది. మరోచోట బడిపిల్లలు ఒక పాట పాడతారు. ఈ రెండూ పాత్రలు కథలో వినే సంగీతాలే. ప్రేక్షకుడికి మాత్రమే వినిపించే సంగీతం ఇందులో లేదు.

అయితే అదే చిత్రం టైటిల్ కార్డుల్లో ‘ఎలక్ట్రానిక్ శబ్దాల తయారీ, కూర్పు’ అనే అర్థమిచ్చే శీర్షిక కింద రెమీ గాస్‌మన్, ఆస్కర్ సాలా అనే ఇద్దరి పేర్లు కనిపిస్తాయి. ‘శబ్ద సలహాదారు’గా బెర్నార్డ్ హెర్మన్ పేరు కనిపిస్తుంది. గాస్‌మన్ అమెరికాకు చెందిన స్వరకర్త. సాలా జర్మనీకి చెందిన ఎలక్ట్రానిక్ వాద్యకారుడు. హెర్మన్ అప్పటికే హాలీవుడ్ అగ్రశ్రేణి చలనచిత్ర స్వరకర్తల్లో ఒకరు. ముగ్గురు సంగీతజ్ఞులు పనిచేసిన చిత్రం సంగీతం లేని చిత్రంగా ఎలా పేరు పొందింది? ‘సంగీతం’ అనే మాటకు మనం గీసుకున్న హద్దులు ఎవరి శ్రమను చరిత్రలో నిలిపాయి, ఎవరి శ్రమను మరుగుపరిచాయి? ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. ఈ పరిశీలనకు తెలుగు నాటక, సినిమా రంగాల్లో వాడుకలో ఉన్న ‘నేపథ్యం’ అనే పారిభాషిక పదం పాశ్చాత్య విభజనల కంటే ఎక్కువగా తోడ్పడుతుందని ఇక్కడ ప్రతిపాదిస్తున్నాను.

పరిభాష గురించి ఒక మాట. చెవికి వినిపించే దానిని తెలుగు సినిమా రచనల్లో ‘ధ్వని’ అని వ్యవహరించడం ఉంది. ఆనందవర్ధనుని తరువాత అలంకారశాస్త్రంలో ఆ మాటకు వ్యంగ్యార్థ సంబంధమైన విశేషార్థం స్థిరపడింది కనుక ఈ వ్యాసంలో ‘శబ్దం’ అనే పదాన్నే వాడుతున్నాను.

ట్రౌటోనియం: వాద్యం, వాద్యకారుడు

‘ది బర్డ్స్’ శబ్దాలకు మూలమైన వాద్యం బెర్లిన్‌లో పుట్టింది. అక్కడి సంగీత ఉన్నత విద్యాలయంలో 1928లో రేడియో ప్రయోగశాల ఏర్పడింది. అందులో పనిచేసిన ఇంజనీరు ఫ్రీడ్రిష్ ట్రౌట్‌వైన్ రూపొందించిన విద్యుత్ వాద్యానికి ఆయన పేరు మీదుగానే ‘ట్రౌటోనియం’ అనే పేరు వచ్చింది. అదే విద్యాలయంలో స్వరరచన బోధిస్తున్న పౌల్ హిండెమిత్ ఈ వాద్యంపై ఆసక్తి చూపి, మూడు ట్రౌటోనియంల కోసం ఏడు చిన్న రచనలు చేశాడు. 1930 జూన్‌లో వాటిని సభలో వినిపించిన ముగ్గురిలో హిండెమిత్‌తో పాటు ఆయన శిష్యుడు, అప్పటికి ఇరవయ్యేళ్లు నిండని ఆస్కర్ సాలా (1910–2002) కూడా ఉన్నాడు. ఆనాటి నుంచి మరణం వరకు సాలా జీవితం ఈ ఒక్క వాద్యంతోనే ముడిపడి సాగింది.

ఈ వాద్యం పనిచేసే తీరు మన చర్చకు అవసరం. దీనికి పియానో వంటి మెట్లు లేవు. ఒక లోహపు పట్టీకి కొద్ది ఎత్తులో తీగ బిగించి ఉంటుంది. వేలితో తీగను నొక్కినప్పుడు అది పట్టీని తాకి విద్యుత్ వలయం పూర్తవుతుంది. తాకిన చోటును బట్టి శ్రుతి నిర్ణయమవుతుంది. నొక్కిన ఒత్తిడిని బట్టి శబ్దం హెచ్చుతగ్గులు మారతాయి. తీగ వెంట వేలు జరిపితే శ్రుతి ఎక్కడా తెగకుండా జారుతుంది. వీణపై గమకం పలికించే చేతికి ఈ సౌలభ్యం విలువ వేరే చెప్పనక్కరలేదు. మెట్ల వాద్యం ఇవ్వలేని ఈ జారుడు గుణమే పక్షి కూతకు ప్రాణం.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత సాలా ఈ వాద్యాన్ని విస్తరించి, 1950ల ఆరంభానికి ‘మిక్స్‌టూర్ ట్రౌటోనియం’గా తీర్చిదిద్దాడు. ప్రకృతిలో ఏ తీగ మోగినా మూలశ్రుతికి పైన రెండింతలు, మూడింతలు, నాలుగింతల పౌనఃపున్యం గల అనుస్వరాలు పుడతాయి. సాలా ఈ క్రమాన్ని తలకిందులు చేశాడు. మూలశ్రుతి పౌనఃపున్యాన్ని రెండు, మూడు, నాలుగు వంటి పూర్ణాంకాలతో భాగించి, దాని కింద పలికే స్వరాలను పుట్టించాడు. అటువంటి కింది స్వరాలు కొన్నింటిని కలిపి ఒకే వేలి నొక్కుతో మోగించే ఏర్పాటు చేశాడు. ఇలా పుట్టిన శబ్దం చెవికి పరిచితంగా తోచినా, ప్రకృతిలోని ఏ వస్తువుకూ చెందదు. పరిచితమైన పక్షులు అపరిచితంగా మారే కథకు ఇంతకంటే తగిన సాధనం దొరకడం కష్టం.

1958లో సాలా బెర్లిన్‌లో సొంత స్టూడియో ఏర్పరచుకొని పారిశ్రామిక చిత్రాలకు, ప్రకటనలకు, కథాచిత్రాలకు శబ్దాలు సమకూర్చసాగాడు. గాస్‌మన్ కూడా హిండెమిత్ వద్దనే చదువుకున్నవాడు. ఇద్దరూ కలిసి కూర్చిన ఎలక్ట్రానిక్ సంగీతానికి జార్జ్ బాలంచిన్ నృత్యరచన చేయగా, 1961లో న్యూయార్క్ సిటీ బాలే దానిని ‘ఎలక్ట్రానిక్స్’ పేరుతో ప్రదర్శించింది. నృత్య వేదిక మీద వీరి పని ‘సంగీతం’గానే గుర్తింపు పొందింది. రెండేళ్ల తరువాత సినిమా తెర మీద అదే ఇద్దరి పని ‘శబ్దాల తయారీ, కూర్పు’ అయింది. వ్యక్తులు మారలేదు, వాద్యం మారలేదు. మారినది పేరు ఒక్కటే.

పేరు పెట్టడంలోని రాజకీయం

ఇది ఒక్క చిత్రానికి పరిమితమైన వింత కాదు. 1956లో విడుదలైన ‘ఫర్బిడెన్ ప్లానెట్’ చిత్రానికి లూయీ బారన్, బీబీ బారన్ దంపతులు తాము తయారుచేసిన ఎలక్ట్రానిక్ వలయాలతోనే మొత్తం సౌండ్‌ట్రాక్ కూర్చారు. సంగీతకారుల సంఘంతో వివాదం వస్తుందన్న భయంతో టైటిల్ కార్డులో ‘సంగీతం’ అనే మాట పరిహరించి, ‘ఎలక్ట్రానిక్ టోనాలిటీస్’ అనే కొత్త మాట వాడారు. అంటే ఎలక్ట్రానిక్ శబ్దం సంగీతమా కాదా అనే ప్రశ్నకు సమాధానం రసజ్ఞుల చర్చలో కాక, ఉపాధి ఒప్పందాల నడుమ తేలిందన్నమాట.

హెర్మన్ ఈ రెండు లోకాలకూ పరిచితుడు. 1951లో వచ్చిన ‘ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్’ చిత్రానికి ఆయన రెండు థెరెమిన్‌లను, విద్యుత్ తంత్రీ వాద్యాలను కలిపి స్వరరచన చేశాడు. హిచ్‌కాక్ కూడా 1945 నాటి ‘స్పెల్‌బౌండ్’లో మిక్లోష్ రోజా సంగీతం ద్వారా థెరెమిన్‌ను వినియోగించినవాడే. కాని ఆ రెండు చిత్రాల్లోనూ విద్యుత్ వాద్యం ఆర్కెస్ట్రాతో కలిసి మోగింది. అందువల్ల ‘సంగీతం’ అనే శీర్షికకు భంగం రాలేదు. ‘ది బర్డ్స్’లో ఆర్కెస్ట్రా తొలగింది. దానితో ఆ శీర్షికా తొలగింది.

ముగ్గురి పాత్రలు

హిచ్‌కాక్, హెర్మన్‌ల మైత్రి 1955లో ‘ది ట్రబుల్ విత్ హ్యారీ’తో మొదలై ‘వెర్టిగో’ (1958), ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’ (1959), ‘సైకో’ (1960) చిత్రాలతో శిఖరానికి చేరింది. ‘సైకో’లో స్నానాల గది హత్యకు సంగీతం వద్దని హిచ్‌కాక్ మొదట భావించాడు. హెర్మన్ రాసి వినిపించిన తరువాత మనసు మార్చుకున్నాడు. ఆ సన్నివేశంలో వయొలిన్లు పక్షుల్లా కీచుమంటాయి. ‘సైకో’లో తంత్రీ వాద్యాలు పక్షులను అనుకరించగా, మూడేళ్ల తరువాత వచ్చిన ‘ది బర్డ్స్’లో వాద్యమే పక్షిగా పలికింది. ఈ పరిణామాన్ని బట్టి చూస్తే ‘ది బర్డ్స్’ సంగీతాన్ని విడిచిపెట్టిన చిత్రం కాదు, ‘సైకో’లో మొదలైన ఒక ఆలోచనను చివరికంటా తీసుకుపోయిన చిత్రం అనిపిస్తుంది.

హిచ్‌కాక్ తన చిత్రాల కూర్పు పూర్తయ్యాక ఏ దృశ్యంలో ఏ శబ్దం ఉండాలో వివరంగా చెప్పి రాయించేవాడు. ‘ది బర్డ్స్’ విషయంలో ఈ శబ్దలిపి మరింత సూక్ష్మంగా సాగింది. ఫ్రాన్స్వా త్రుఫోతో జరిపిన ప్రసిద్ధ సంభాషణల్లో ఆయన ఈ చిత్ర శబ్దాలకు భావార్థాలు కూడా చెప్పాడు. అటక మీది దాడిలో పక్షుల రెక్కల చప్పుడు ఒక బెదిరింపు మాటలా వినబడాలన్నది, చివరి దృశ్యంలో మామూలు నిశ్శబ్దం కాక ఎలక్ట్రానిక్ సాధనంతో పుట్టించిన నిశ్శబ్దం కావాలన్నది ఆయన ఆకాంక్ష.

దీనిని బట్టి శబ్దకర్త హిచ్‌కాకే, మిగిలినవారు ఆజ్ఞ పాలించిన సాంకేతికులు అనే వాదానికి అవకాశం ఉంది. ఆ వాదం నిలవదు. కావ్యవస్తువును సూచించి, ఎలా ఉండాలో కూడా చెప్పిన రాజు కృతిభర్త అవుతాడే గాని కృతికర్త కాడు. బెదిరింపులా వినబడాలని కోరడం వేరు, ఏ శ్రుతిలో, ఎంత ఒత్తిడితో, ఎన్ని పొరలుగా మోగిస్తే రెక్కల చప్పుడు బెదిరింపు అవుతుందో కనుగొనడం వేరు. ఆ రెండో పని బెర్లిన్ స్టూడియోలో వేళ్ల మీద, అయస్కాంత టేపు మీద జరిగింది. హెర్మన్ ఆర్కెస్ట్రాకు ఒక్క స్వరమూ రాయకుండానే తన పేరును ఈ పనికి జోడించాడు. ఆయన స్థానాన్ని మన గ్రంథ పరిష్కర్త స్థానంతో పోల్చవచ్చు. పరిష్కర్త కొత్త పద్యం రాయడు. అయినా ఆయన పేరు గ్రంథం ముఖపత్రం మీద ఉండడం మనకు సహజంగానే తోస్తుంది.

మూడు సన్నివేశాలు

మొదటిది బడి ఆవరణ. కథానాయిక మెలనీ బల్ల మీద కూర్చొని సిగరెట్ తాగుతుండగా, ఆమె వెనుక పిల్లలు ఆడుకునే ఇనుప చట్రం మీద కాకులు ఒక్కొక్కటిగా వచ్చి వాలతాయి. అప్పుడు కాకుల శబ్దం వినిపించదు. లోపలి నుంచి పిల్లల పాట మాత్రమే వినిపిస్తుంది. కాకులు చేరడానికి పట్టే వ్యవధికి పాట సరిపోకపోవడంతో కథనరచయిత ఎవాన్ హంటర్ అదనపు చరణాలు రాశాడు. ఇక్కడ పాటే కాలమానం. మళ్లీ మళ్లీ తిరిగి వచ్చే చరణాల నిశ్చింత, పెరుగుతున్న కాకుల సంఖ్య ఒకదానికొకటి ఎదురు నిలిచి భయాన్ని పెంచుతాయి. ఎలక్ట్రానిక్ శబ్దం ఎక్కడ మోగకూడదో నిర్ణయించడం కూడా కూర్పులో భాగమేనని ఈ సన్నివేశం చాటుతుంది.

రెండోది బ్రెన్నర్ కుటుంబం ఇంటి ముట్టడి. కిటికీలకు, తలుపులకు చెక్కలు కొట్టి కుటుంబమంతా లోపల కూర్చొని ఉంటుంది. దాడి మొదలైన తరువాత చాలాసేపు పక్షులు కనిపించవు, వినిపిస్తాయి. పాత్రలు గోడలకు ఒదిగి, కుర్చీల్లోకి ముడుచుకొని, కనపడని శత్రువు నుంచి తప్పించుకోవడానికి యత్నిస్తారు. ఈ దృశ్యంలో నటులు స్పందించేది పూర్తిగా శబ్దానికే. తెర మీద ఉన్నది నాలుగు గోడలు, నలుగురు మనుషులు. పక్షుల సైన్యం మొత్తం సౌండ్‌ట్రాక్‌లో ఉంది. సాలా పనిని తొలగిస్తే ఈ సన్నివేశంలో సంఘటనే మిగలదు.

మూడోది ముగింపు. నేల మీద, కప్పు మీద, తీగల మీద వేలాది పక్షులు శాంతంగా కూర్చొని ఉండగా కారు మెల్లగా కదిలిపోతుంది. కీచులాటలు ఉండవు. సన్నని, ఎడతెగని గుసగుస వంటి శబ్దం మాత్రం పరచుకొని ఉంటుంది. ‘సమాప్తం’ అనే కార్డు కూడా లేకుండా చిత్రం ముగుస్తుంది. నిశ్శబ్దాన్ని శబ్దంతో నిర్మించిన ఘట్టమిది. నిశ్శబ్దం అంటే శబ్దం లేకపోవడం అనే సామాన్య నిర్వచనాన్ని ఈ ముగింపు ప్రశ్నిస్తుంది.

నేపథ్యం: రెండు అర్థాలు

పాశ్చాత్య చలనచిత్ర విమర్శ శబ్దాలను కథాంతర్గతం, కథాబాహ్యం అని విభజిస్తుంది. పాత్రలు వినేది మొదటిది, ప్రేక్షకులు మాత్రమే వినేది రెండోది. వాడుకలో మొదటిదాన్ని ‘సౌండ్ ఎఫెక్ట్స్’ వైపు, రెండోదాన్ని ‘సంగీతం’ వైపు నెట్టడం జరుగుతోంది. పక్షుల కూతలను పాత్రలు వింటాయి కనుక అవి సంగీతం కావన్నది ‘సంగీతం లేని సినిమా’ అనే తీర్మానం వెనుక ఉన్న తర్కం.

తెలుగు సినిమా అనుభవం ఈ తర్కాన్ని అంగీకరించదు. తెలుగు చిత్రాల్లో పాటను సాధారణంగా పాత్రే పాడుతుంది. ఎదుటి పాత్ర వింటుంది. అంటే అది కథాంతర్గత శబ్దమే. అయినా దానిని సంగీతం కాదని ఎవరూ అనరు. పెదవి నటుడిది, గొంతు గాయకుడిది అని అందరికీ తెలుసు. ఆ గొంతుకు టైటిల్ కార్డుల్లో, ప్రేక్షకుల స్మృతిలో స్వతంత్రమైన పేరు ఉంది. ‘నేపథ్య గాయకుడు’ అనే మాట ఆ గౌరవానికి గుర్తు. తెర మీది కాకి ముక్కుకు తన వేలి నొక్కుతో కూత అందించిన సాలా ఈ దృష్టితో చూస్తే పక్షులకు నేపథ్య గాయకుడు. కనిపించే దేహానికి కనిపించని మరొకరు స్వరం ఇవ్వడం ఒక కళ అని అంగీకరించిన సంప్రదాయం నుంచి చూసినప్పుడు, ఆయన పనిని గుర్తించడానికి కొత్త సిద్ధాంతం అక్కరలేదు.

‘నేపథ్యం’ అనే మాటకు నాటకరంగంలో మరింత పాత అర్థం ఉంది. తెర వెనుక భాగం నేపథ్యం. సంస్కృత నాటకాల్లో ‘నేపథ్యే’ అనే రంగసూచన, తెలుగు నాటకాల్లో ‘తెరలో’ అనే సూచన, ప్రేక్షకులకు కనిపించని చోటు నుంచి వచ్చే మాటను, కలకలాన్ని తెలుపుతాయి. అభిజ్ఞాన శాకుంతలం నాలుగో అంకంలో దుర్వాసుని శాపం నేపథ్యం నుంచే వినబడుతుంది. ముని రంగం మీదికి రాడు. అనసూయా ప్రియంవదలు వింటారు, కలవరపడతారు. కథ మొత్తాన్ని మలుపు తిప్పిన ఘటన కేవలం శబ్దరూపంలో ప్రవేశిస్తుంది. ఆ శబ్దం అలంకారం కాదు, ఆవరణ కాదు, అదే క్రియ.

సినిమాలో ‘నేపథ్య సంగీతం’ అనే సమాసం స్థిరపడినప్పుడు ఈ అర్థం సన్నగిల్లింది. దృశ్యం వెనుక మెల్లగా మోగుతూ భావాన్ని పోషించేదే నేపథ్యం అనే అభిప్రాయం బలపడింది. బ్రెన్నర్ ఇంటి ముట్టడి సన్నివేశాన్ని వివరించడానికి సినిమా అర్థం చాలదు, నాటక అర్థం సరిగ్గా సరిపోతుంది. చెక్కలు కొట్టిన కిటికీయే అక్కడ తెర. దాని వెనుకనున్నదే నేపథ్యం. దుర్వాసుని శాపంలాగా పక్షుల దాడి కూడా కనిపించకుండానే కథను నడిపిస్తుంది. కాళిదాసుకూ హిచ్‌కాక్‌కూ సంబంధం కల్పించడం నా ఉద్దేశం కాదు. ఒక భాషలో ఇప్పటికే ఉన్న పారిభాషిక పదం, మరో భాషలోని విభజన వల్ల మరుగున పడిన పనిని చూపగలదని చెప్పడం వరకే ఈ పోలిక ప్రయోజనం.

ఒక ఆక్షేపం

శబ్దాలన్నింటినీ సంగీతమంటే సంగీతమనే మాటకు విలువేముంటుంది అని ఎవరైనా అడగవచ్చు. శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో గీత, వాద్య, నృత్తాల సమాహారాన్ని సంగీతం అన్నాడు. ఆ నిర్వచనం ప్రకారం ఇప్పటి సినిమా పాటలో వినిపించే భాగం ఒక్కటే సంగీతం కాజాలదు. నిర్వచనాలు కాలానుగుణంగా మారుతూనే వచ్చాయి. అయినా ఇక్కడ నేను కోరుతున్నది సంగీతం హద్దులు చెరపడం కాదు. ఎంపిక, క్రమం, వ్యవధి, విరామం అనే నాలుగింటిపై నియంత్రణ ఉన్నచోట ‘కూర్పు’ ఉందని, కూర్పు ఉన్నచోట కర్త ఉన్నాడని అంగీకరిస్తే చాలు. ‘ది బర్డ్స్’ టైటిల్ కార్డు ‘తయారీ’తో పాటు ‘కూర్పు’ అనే అర్థమిచ్చే మాటను కూడా వాడింది. చరిత్ర రచన ఆ రెండో మాటను విడిచిపెట్టింది. ఆస్కార్ పురస్కారాల్లో ఈ చిత్రానికి దక్కిన ఒకే ఒక నామినేషన్ దృశ్య ప్రభావాల విభాగంలో రావడం కూడా ఈ విస్మృతికి తగినట్టే ఉంది. కనిపించిన పక్షులకు గుర్తింపు వచ్చింది, వినిపించిన పక్షులకు రాలేదు.

ముగింపు

తరువాతి కాలంలో ఎలక్ట్రానిక్ సంగీతకారులు, ఆర్కెస్ట్రా స్వరరచన తెలిసినవారు కలిసి పనిచేయడం హాలీవుడ్‌లో పరిపాటి అయింది. 2010 నాటి ‘ట్రాన్: లెగసీ’కి డాఫ్ట్ పంక్ జంటతో జోసెఫ్ ట్రపనీస్ పనిచేశాడు. అక్కడ సంగీతకర్తలుగా ఎలక్ట్రానిక్ కళాకారుల పేర్లు ముందు నిలిచాయి. ఆర్కెస్ట్రా కూర్పు చేసినవాడి పేరు వెనుకకు జరిగింది. 1963లో తిరగబడి ఉన్న తక్కెడ ఇక్కడ మరో వైపుకు తిరగబడింది. రెండు సందర్భాల్లోనూ ‘సంగీతం’ అనే ఒక్క శీర్షిక కింద అందరి శ్రమా ఇమడలేదు.

తెలుగు సినిమా చరిత్రను రాస్తున్న మనకు ఇందులో ఒక హెచ్చరిక ఉంది. మన పరిశోధనలు ‘సంగీతం’ కార్డు దగ్గర మొదలై పాటల జాబితా దగ్గర ముగుస్తున్నాయి. ‘శబ్దగ్రహణం’, ‘రీరికార్డింగ్’ అనే కార్డుల కింద ఉన్న పేర్లు సాంకేతిక వర్గంలో చేరి, విమర్శకు వెలుపల ఉండిపోతున్నాయి. ఒక చిత్రంలో గాలి, వాన, గుర్రపు డెక్కలు, తలుపు కిర్రుమనడం ఏ క్రమంలో, ఎంత విరామంతో వినిపిస్తున్నాయో వివరించే పరిశీలనలు అరుదు. తెర వెనుక నుంచి వచ్చిన శబ్దాన్ని నాటకంలో సంఘటనగా గుర్తించిన భాష మనది, కనపడని గాయకుడికి పేరు పెట్టి పిలిచిన సినిమా మనది. ఈ రెండు వారసత్వాలను కలిపి వినగలిగితే, టైటిల్ కార్డుల్లో చివరి వరుసల్లో మిగిలిపోయిన పేర్లకు కూడా కర్తృత్వ చరిత్రలో చోటు దొరుకుతుంది.